నీళ్ల మీద జానెడు జాగా

కొర్రమట్టను పులుసు పెట్టుకుంటారు గానీ పెంచుకుంటారా అని మా చుట్టాలంతా నవ్వారు. ముళ్లు తక్కువ, రుచి ఎక్కువ, బజారులో దానికున్న గిరాకీ ఇంకో చేపకు లేదు. అలాంటిదాన్ని గాజుతొట్టిలో పెట్టి, వానపాములు ఏరి తెచ్చి మేపేవాణ్ని పిచ్చోడనక ఏమంటారు? నేనూ అన్నాను. నా నోరు ఊరుకునే రకం కాదు.

ఆ పిచ్చోడు మా ఆయనే. నల్లగొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి గచ్చిబౌలి కంపెనీలకు క్యాబ్ నడిపేవాడు. చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. నేను కూకట్‌పల్లిలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేదాన్ని. హౌసింగ్ బోర్డు కాలనీలో కింది పోర్షన్ మేం కిరాయికి తీసుకున్నాం. పైన ఇంటామె ఒక్కతే ఉండేది. భీమవరం వైపు మనిషి. సర్కారు ఆఫీసులో పనిచేసి రిటైరైంది. భర్త పోయి చాలా కాలమైంది. నేను ఆమెను ఆంటీ అనేదాన్ని, మా ఆయన మాత్రం నోరారా అమ్మా అనేవాడు.

మృగశిర కార్తె వచ్చిన రోజున మా నగరంలో ఉబ్బసానికి చేపమందు వేస్తారు. వేలెడంత బతికున్న కొర్రపిల్ల నోట్లో పచ్చటి మందు ముద్ద పెట్టి, ఆ పిల్లను మనిషి గొంతులోకి వదులుతారు. అది కొట్టుకుంటూ లోపలికి జారేటప్పుడు దారంతా శుభ్రం చేస్తుందని నమ్మకం. వరుసగా మూడేళ్లు మింగాలి. మధ్యలో ఒక ఏడు తప్పితే మళ్లీ మొదటికి వస్తుందంటారు. నాకు ఇలాంటివాటి మీద గురి లేదు. ఆయనకుంది. ఊపిరి ఆయనది, వాదన నాదేమిటని ఊరుకున్నాను.

మందు వేసే మైదానం దగ్గరే చేపపిల్లలు అమ్ముతారు. కానీ ఊళ్లో ఉండే మా బావ, అంటే ఆయన అన్న, ఒప్పుకోలేదు. “మన కుంట పిల్లలుండంగ కొన్న పిల్లలు నీకెందుకురా?” అని, తనే కుంటలో దిగాడు. కొర్రమట్టలు తల్లీతండ్రీ రెండూ పిల్లల మంద కింద కాపలా తిరుగుతాయి. ఎవడైనా చెయ్యి పెడితే మీదికొస్తాయి. బావ తువ్వాలతో పిల్లల్ని తోడుకుంటుంటే తల్లి వచ్చి వేలు పట్టేసిందట. రంగుల డబ్బాలో నీళ్లు పోసుకుని, మీద గుడ్డ కట్టుకుని, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. ముందు వేలు చూపించి, తర్వాత డబ్బా చూపించాడు.

అందులో ఒకటి మా ఆయన మింగాడు. వరుసలో నిలబడి నిలబడి, కళ్ల వెంట నీళ్లు కారుతుంటే బయటికొచ్చి, “పోతుంటె తోక ఆడిచ్చిందే టీచరమ్మా, మంచి హుషారుగున్నది” అన్నాడు. నన్ను టీచరమ్మా అనే పిలిచేవాడు. డబ్బాలో మిగిలినవాటిని ఏ చెరువులోనో వదిలేద్దామన్నాను. తల అడ్డంగా ఊపాడు.

“వీళ్ల తోడబుట్టినోడు నా కడుపుల ఉన్నడు. వీళ్లను ఎట్ల పారేస్త?”

అదీ ఆయన లాజిక్కు. ఆ మాటకు నేను నవ్వాను. ఇవాళ తలుచుకుంటే నవ్వు రాదు.

అప్పుడే రాయదుర్గంలో ఒక కంపెనీ అంతస్తు ఖాళీ చేసి వెళ్లిపోయింది. రిసెప్షన్లో పెట్టుకున్న బంగారు చేపల్ని ఎవరో తీసుకుపోయారు. ఖాళీ తొట్టి మెట్ల మీద పడి ఉంది. అడిగి, క్యాబు వెనక సీట్లో దుప్పట్లు పరిచి తీసుకొచ్చాడు. పై నుంచి చూసి ఆంటీ, “కొత్తపెళ్లికూతుర్ని దింపినట్టు దింపుతున్నారే బాబూ” అంది.

కుంటలో పుట్టిన చేపకు గాజు అర్థం కాదు. మొదట్లో అన్నీ మూతులు గాజుకు కొట్టుకుని పుండ్లు చేసుకున్నాయి. ఆయన మూడు వైపులా పాత పేపర్లు అంటించి, లోపల విరిగిన కుండ పెంకు పెట్టి, పైన నాచు వేశాడు. అప్పుడు కాస్త కుదురుకున్నాయి. కుదురుకుని ఏం చేశాయంటే, ఒకదాన్నొకటి తిన్నాయి. చివరికి ఒక్కటే మిగిలింది. పిల్లప్పటి ఎరుపు పోయి నలుపెక్కి, పొట్ట కింద తెలుపు తేలి, నా మోచెయ్యంత అయింది. నేను దగ్గరికి వెళితే పెంకు చాటుకు పోయేది. ఆయన వెళితే బయటికొచ్చేది. చికెన్ కొట్టులో అడిగి తెచ్చిన కాలేయం ముక్కలు, గుంటల్లో పట్టిన చిన్న చేపలు, అన్నీ ఆయన చేతి నుంచే తినేది.

కొర్రమట్టకు మొప్పలున్నా చాలవు. నీళ్ల పైకి వచ్చి గాలి మింగాలి. గాలి కోసం వచ్చిందే ఒక్కోసారి ఎగిరి బయట పడుతుంది. ఒకసారి మా చేప అలాగే దూకి ఫ్రిజ్ కింద దొరికింది. ఒళ్లంతా దుమ్ము అంటుకుని, బతికే ఉంది. ఆ రోజు ఆంటీ కూడా మాతో పాటు చీపురు పట్టుకుని వెతికింది. అప్పటి నుంచి ఆయన తొట్టి మీద దోమల జాలీ పరిచి, నాలుగు మూలలా ఇటుక ముక్కలు పెట్టేవాడు. నీళ్లు ఎప్పుడు మార్చినా పైన జానెడు ఖాళీ వదిలేవాడు. “గా జాగ దానిది” అనేవాడు.

ఆయాసం వచ్చినప్పుడల్లా ఆయన మంచం మీద ఉండలేకపోయేవాడు. తొట్టి ముందు స్టూలు వేసుకుని, మోకాళ్ల మీద చేతులాన్చి, ముందుకు వంగి కూర్చునేవాడు. చేప పైకొచ్చి గాలి మింగి కిందికి పోయేదాకా చూసి, తనూ ఒక ఊపిరి తీసేవాడు. అలా ఒకదాని వెంట ఒకటి తీసేసరికి పట్టు సడలేది. మందు పీల్చినందుకే సడలిందని నేననేదాన్ని. “రెండూ” అనేవాడు. రెండో ఏడు కూడా బావ తెచ్చిన పిల్లను మింగాడు. ఇక మిగిలింది ఒక్క మృగశిర. అది దాటితే ఈ రోగం పోతుందని, అందాకా ఈ చేప గాలి మింగుతూ ఉంటే తనకు ఫికర్ లేదని అనుకున్నాడు. పైకి నవ్వుతూనే చెప్పేవాడు గానీ, లోపల గట్టిగా పట్టుకున్నాడని నాకు తెలుసు. పెళ్లాన్ని కదా.

ఆంటీకీ చేపల సంగతి బాగా తెలుసు. వాళ్ల నాన్న కొల్లేరు దగ్గర చెరువులు లీజుకు తీసుకుని బొచ్చె, శీలావతి పెంచేవాడట. తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరిచాయంటే నీళ్లలో గాలి అయిపోయినట్టు. ఆ క్షణంలో మోటార్లు వేసి కొత్త నీళ్లు పెట్టకపోతే పొద్దెక్కేసరికి చెరువంతా తెల్లగా తేలుతుంది. అలా ఒక ఏడాది వాళ్ల చెరువు పోయిందట. “నాన్న గట్టు మీద కూర్చుండిపోయారమ్మా, లేవలేదు” అని చెప్పేది. కుళాయి నీళ్లు ఒక పూట నిలవ ఉంచి పోయమని మాకు చెప్పింది ఆమే. మా కొర్రమట్ట గాలికి పైకొచ్చేది ఎప్పుడో ఒకసారి. అదీ నాచు చాటున. పైగా తొట్టికి పెట్టిన గాలి మోటారు బుడగలు ఎప్పుడూ పైకి తన్నుతూ ఉండేవి. ఆమె కంట అది పడే సందర్భమే రాలేదు.

అవి ఉద్యమం రోజులు. మా ఆయన పనిరోజుల్లో కంపెనీ వాళ్లను బంద్ మొదలుకాక ముందే ఆఫీసుల్లో దింపేవాడు. ఆదివారం వస్తే రోడ్డు మీద వంటావార్పులో కూర్చునేవాడు. పొయ్యి దగ్గర కూర్చోవద్దని నేను మొత్తుకుంటే, పొగ తగలని వైపు కూర్చుంటానని చెప్పి పోయి, దగ్గుతూ వచ్చేవాడు. ఆంటీతో పరాచికాలు మాత్రం మానలేదు.

“తెలంగాణ వచ్చినంక పైకి రావాల్నంటె నాకు పాస్‌పోర్ట్ గావాల్నా అమ్మా?”

“మెట్లు మావి బాబూ, గుమ్మం మీది. మధ్యలో నిలబడి మాట్లాడుకుందాంలెండి.”

ఇద్దరూ నవ్వేవారు. అయినా ఆ మధ్య ఆంటీ సాయంత్రం నడక మానేసింది. కూరగాయల బండి దగ్గర ఎవరో ఆమె మాట యాస పట్టి ఏదో అన్నారని తర్వాత తెలిసింది. మా ఆయన ఆ బండి దగ్గరికి వెళ్లి గొడవపడి వచ్చాడు. ఎవరితో, ఏమన్నాడో నాకు చెప్పలేదు.

రెండో మృగశిర దాటి వానలు వెళ్లేటప్పుడు పెద్ద సమ్మె మొదలైంది. బడులు మూతపడ్డాయి. బస్సులు ఆగిపోయాయి. బొగ్గు గనుల వాళ్లు పని ఆపేయడంతో కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడు వస్తుందో తెలియదు. కరెంటు పోయినప్పుడల్లా మా ఆయన చంకలు గుద్దుకునేవాడు. “మా బొగ్గు పోరగాళ్ల దెబ్బ చూసినవా? ఢిల్లీ దాక పోతది” అనేవాడు. ఆయనకు మందు ఆవిరి పట్టే మిషనూ కరెంటు మీదే నడుస్తుందని నేను గుర్తు చేస్తే, “నా ఒక్కని కోసం సమ్మె ఆపుమందువా ఏంది?” అని కసిరాడు. నాకు ఒళ్లు మండింది. తన ఊపిరి మీద తనకే లెక్కలేని మనిషితో ఏం వేగాలి?

ఒక బంద్ రోజు పొద్దున పట్టుకుంది. చేత్తో పట్టుకుని పీల్చే మందు పని చేయలేదు. మిషను పెడదామంటే కరెంటు లేదు. స్టూలు మీద కూర్చుని తొట్టి వైపు చూస్తున్నాడు గానీ చేప పైకొచ్చిన ఊపిరికీ ఈయన ఊపిరికీ లంకె కుదరడం లేదు. పెదాలు నీలంగా మారుతున్నాయి. ఆంటీ కిందికొచ్చి వీపు నిమురుతుంటే నేను రోడ్డు మీదికి పరిగెత్తాను. బంద్ అని ఆయన క్యాబు ఓనరు షెడ్డులోనే ఉంది. ఆటో లేదు, కారు లేదు. చౌరస్తాలో టైర్లు కాలుతున్నాయి. వంటావార్పు పిల్లలు అక్కడే ఉన్నారు. ఆయన పేరు చెప్పగానే లేచారు. వంటపాత్రలు మోసే ట్రాలీ ఆటో ఉంది. అందులోని గిన్నెలు రోడ్డు మీదే దింపేసి ఇంటికి తెచ్చారు. అన్నా అన్నా అంటూ, ఏడుస్తూ ఎత్తుకుని, గోనె సంచుల మీద వెల్లకిలా పడుకోబెట్టారు. జబ్బు మనిషిని పడుకోబెట్టాలని కదా ఎవరికైనా తోచేది.

“కూసోబెట్టుండ్రి! పండబెడితె పాణం పోతది!” అని అరిచాను. చౌరస్తా డప్పుల మోతలో వాళ్లకు వినపడలేదు. నేను పైకెక్కి, వాళ్ల చేతులు విదిలించి, ఆయన్ని లేపి నా భుజానికి ఆన్చుకునేసరికి కొంత దూరం పోయాం. ఆ పిల్లల్ని నేను తిట్టలేను. అడ్డం పెట్టిన రాళ్లన్నీ వాళ్లే దూకి తీశారు. దవాఖాన దాకా ఒక్క చోట కూడా బండి ఆగలేదు.

బయలుదేరే ముందు ఇంటి తాళం ఆంటీ చేతిలో పెట్టాను. ఆయన మాట్లాడలేక తొట్టి వైపు చెయ్యి చూపాడు. “నేను చూసుకుంటాను బాబూ, మీరు వెళ్లండి” అందామె.

దవాఖానలో ముక్కూ నోరూ మూసి గాలి గొట్టం పెట్టారు. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిందన్నారు. నాలుగు మాటలు మాట్లాడితే అలిసిపోయేవాడు. తర్వాత అవీ మానేశాడు. రోజూ నన్ను చూడగానే అడిగేది మాత్రం ఒక్కటే. అరచేతిని పక్క మీద నుంచి మెల్లగా నోటి దాకా లేపి, మళ్లీ కిందికి దించేవాడు. చేప పైకొస్తోందా అని. నేను వరండాలోకి వెళ్లి ఆంటీకి ఫోన్ చేసేదాన్ని.

“బాగుందమ్మా. పైకొస్తోంది, గాలి తీసుకుంటోంది. బాబుని ఫికర్ చెయ్యొద్దని చెప్పండి” అనేది.

నేను లోపలికొచ్చి ఆ మాట అలాగే అప్పజెప్పేదాన్ని. “మంచిగున్నదట. పైకొచ్చి గాలి మింగుతున్నదట. నువ్వే జర మంచిగ కావాలె.” ఆయన కళ్లు మూసుకుని తలాడించేవాడు. ఒక సాయంత్రం నవ్వాడు కూడా. గొట్టం వెనక పెదాలు కదలడం నేను చూశాను. ఆ మర్నాడు పోయాడు.

శవాన్ని ఊరికి తీసుకుపోయాం. కార్యం అయ్యాక బావ నన్ను ఇంట్లో దింపడానికి తోడు వచ్చాడు. గేటు తీసేసరికి ఆంటీ మెట్ల మీద కూర్చుని ఉంది. ఎప్పటి నుంచి కూర్చుందో. లోపల తొట్టి లేదు. దాని ముందుండే స్టూలు అక్కడే ఉంది.

“తొట్టి ఏది ఆంటీ?”

“డాబా మీద బోర్లించానమ్మా.” కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత మొత్తం చెప్పింది.

మేం వెళ్లిన మర్నాడు కరెంటు అసలు రాలేదట. మోటారు ఆగి, నీళ్లు మురిగాయి. చేప మాటిమాటికీ పైకొచ్చి నోరు తెరవడం ఆమె చూసింది. ఆమెకు వాళ్ల నాన్న చెరువు కళ్ల ముందు తిరిగింది. గాలి అయిపోయింది, చచ్చిపోతోంది, బాబుకి మాటిచ్చాను అనుకుంది. ఇంట్లో నిలవ ఉన్న నీళ్లన్నీ బిందెలతో మోసుకొచ్చి, జానెడు ఖాళీ కూడా లేకుండా అంచు దాకా పోసింది. నిండా పోస్తే జాలీ తోసుకుని దూకేస్తుందని భయమేసి, పైన తన టీపాయి అద్దం మూతగా వేసి, దాని మీద రుబ్బురోలు పొత్రం పెట్టింది. ఆ వయసులో పొత్రాన్ని మెట్లు దింపి తెచ్చింది. మళ్లీ వచ్చి చూసేసరికి చేప అద్దానికి నోరు ఆనించి ఉండిపోయిందట.

“ఎందుకు పోయిందో నాకు తెలియలేదమ్మా. నీళ్లు బాగానే ఉన్నాయి కదా అనుకున్నాను. మార్కెట్లో చేపలమ్మే ఆమెని అడిగితే చెప్పింది, దాని మీద మూత పెట్టకూడదని. నీళ్లలో చేప మునిగి చస్తుందని నాకేం తెలుసు?”

“అంటే నేను ఫోన్ చేసినప్పుడల్లా...”

“మొదటిసారి మీరు చేసేటప్పటికే పోయింది.”

ఫికర్ అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది నాకు. అది ఆమె మాట కాదు. అన్నేళ్లలో ఒక్కసారీ ఆమె నోట వినలేదు. చేప పోయిందని చెప్పలేక, ఆయన మాట తీసుకుని ఆయనకే పంపింది.

మా బావ మంచివాడే. కానీ తమ్ముణ్ని కాల్చి వచ్చిన మనిషి. గొంతు లేచింది. “ఊపిరి తీసుడు మీ ఆంధ్రోళ్లకు కొత్తనా? నీళ్లు పోసినమంటరు, మూతలు పెడ్తరు!” అని అరిచాడు. పక్కిళ్ల కిటికీలు తెరుచుకున్నాయి. ఆంటీ మెట్ల కమ్మీ పట్టుకుని నిలబడింది.

నాకూ కోపం వచ్చింది. అబద్ధం చెప్పినందుకు వచ్చింది, మూత పెట్టినందుకు వచ్చింది. అది ఇప్పటికీ పూర్తిగా పోలేదని ఒప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు. కానీ బావ మాట నాకు పడలేదు.

“బావా, మూత పెట్టిందీ ఆమెనే, నీ తమ్ముణ్ని ఆఖరిసారి నవ్విచ్చిందీ ఆమెనే. నువ్వు నేను ఏం జేసినం? సప్పుడు చెయ్యకు” అన్నాను. బావ గేటు బయటికి పోయి, గోడకానుకుని ఏడ్చాడు.

చేపను ఎక్కడ పారేశారని అడిగాను. పారేయలేదంది. పెరట్లో కరివేపాకు చెట్టు మొదట్లో తవ్వి పెట్టింది. మంచిగున్నదట, గాలి మింగుతున్నదట అని నేను ఆయన చెవిలో చెప్పిన అన్ని రోజులూ అది అక్కడే ఉంది.

మూడో మృగశిర వచ్చింది. ఆ రోజు ఊరంతా చేప వండుకుంటుంది. ఆంటీకి చేప లేనిదే ముద్ద దిగదు. ఆ రోజు పై నుంచి పప్పు తాలింపు వాసన వచ్చింది. నేనూ పప్పే వండుకున్నాను.

తెలంగాణ వచ్చిన రోజు కాలనీ అంతా టపాకాయలు. డప్పులు, రంగులు, జెండాలు. ట్రాలీ ఆటో పిల్లలు గేటు దాకా వచ్చి, వదినా అని పిలిచి మిఠాయి పెట్టి వెళ్లారు. తిన్నాను. సంతోషం లేదని కాదు. ఆయన కోరుకున్నది వచ్చింది కదా. కానీ వీధిలో పొగ కమ్ముకోగానే నా కాళ్లు వాటంతట అవే లేచాయి. ముందు గది కిటికీ, పడక గది కిటికీ, వంటింటి కిటికీ వరుసగా మూసేసి, తలుపు కింద సందులో తడిగుడ్డ కుక్కుతున్నాను. దీపావళి వస్తే ఏటా ఆయన కోసం చేసే పని అది. ఎవరి కోసం కుక్కుతున్నానో తెలిసేసరికి గుడ్డ చేతిలోనే ఉంది. అక్కడే కూలబడ్డాను.

ఆంటీ తలుపు తోసుకుని వచ్చింది. నన్ను చూసింది, గుడ్డను చూసింది. వెళ్లి ఒక్కొక్క కిటికీ తెరిచింది.

“మూసెయ్యకండమ్మా” అంది. “గాలి ఆడనివ్వండి.”

పొగంతా లోపలికి వచ్చింది. ఇద్దరం దగ్గుకుంటూ, తొట్టి ఉండిన చోట నేల మీద కూర్చున్నాం.